నిలవని రంగు

సోమవారం పొద్దున్న పార్లర్ తలుపు తీసీ తీయగానే బ్యాంకావిడ వచ్చింది. కూర్చోలేదు. భుజానున్న బ్యాగు కూడా దించకుండా కుడిచెయ్యి తెచ్చి, పొట్టి అని అందరూ పిలిచే పిల్ల ముందు టేబుల్ మీద పెట్టింది, పుచ్చు కూరగాయ కొట్టువాడికి తిప్పి ఇచ్చినట్టు. మూడు వేళ్ళ మీద జెల్ రంగు పూర్తిగా ఊడిపోయింది. చూపుడువేలి గోటి మీద సగం మిగిలి, అంచు పైకి లేచి ఉంది. శుక్రవారం వేసిన రంగు. రెండు వారాలు చెక్కుచెదరదని మాటిచ్చి వేసింది పొట్టే.

"కౌంటర్లో కూర్చునేదాన్ని. వచ్చినవాళ్ళంతా నా చేతుల వంకే చూస్తారు" అంది ఆవిడ.

పొట్టి లేచి నిలబడింది. లేచి నిలబడితే ఆ గదిలో ఎవరికన్నా తలెత్తు ఎక్కువ ఆ పిల్ల. ఆ పేరు నాలుగేళ్ళప్పుడు ఇంట్లో పెట్టింది. తర్వాత దాన్ని దిద్దే తీరిక ఎవరికీ దొరకలేదు. క్షమించమని అడగాలో, ఎలా ఊడిందని అడగాలో తేలక, ఆవిడ వేలు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. తాను కుంచెతో గీసిన గీతే కదా అది. ఎక్కడా చర్మానికి అంటలేదు, ఎక్కడా మందం కాలేదు. అంత బాగా వేసింది ఎందుకు నిలవలేదో అర్థం కాలేదు.

ఇంతలో కిటికీ దగ్గర టేబుల్ నుంచి అక్క వచ్చేసింది. అక్క అంటే పెద్దమ్మ కూతురు. ఈ గోళ్ళ పార్లర్లో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. పొట్టిని ఇక్కడ చేర్పించింది కూడా తనే. బ్యాంకావిడ మోచెయ్యి మెల్లగా పట్టుకుని, చిన్నపిల్ల, ఇంకా చెయ్యి కుదరలేదు, మీరేం అనుకోకండి, నా దగ్గర కూర్చోండి అని నవ్వుతూ తీసుకుపోయింది. కూర్చోబెడుతూనే వెనక్కి తిరిగి, "వేడినీళ్ళు, రెండు తువ్వాళ్ళు పట్రావే" అంది.

పొట్టి వెనక గదిలోకి వెళ్ళి నీళ్ళు కాగేదాకా నిలబడి, తువ్వాళ్ళు పిండి తెచ్చేసరికి అక్క అప్పుడే మొదటి పూత వేసి, దాన్ని గట్టిపరిచే ల్యాంపు వెలిగించింది. బ్యాంకావిడ ముఖం విప్పారి ఉంది. ఇకమీదట ఆవిడ అక్క దగ్గరే కూర్చుంటుందని పొట్టికి చెప్పక్కర్లేదు. ఈ మూడు వారాల్లో అలా టేబుల్ మారినవాళ్ళలో బ్యాంకావిడ అయిదో మనిషి.

మధ్యాహ్నం కాకముందే మేడమ్ పిలిచింది. ఆ పార్లర్ మేడమ్‌ది. ఎప్పుడూ గొంతు పెంచదు. పెంచదు కాబట్టే అందరికీ భయం. గీత బాగుంది, ఓపిక బాగుంది, రంగు మాత్రం నిలవడం లేదు, శనివారం దాకా చూస్తాను, తర్వాత నేనేం చేయలేను అని చెప్పింది. అక్క పక్కనే ఉంది. కాస్త టైమివ్వండి మేడమ్, ఊడినవాళ్ళని నేను సర్దుతాను కదా అని బతిమాలింది. ఆ మాటకు పొట్టికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "థాంక్సక్కా" అంది.

"పిచ్చిదానా, నాకు నువ్వు కాకపోతే ఎవరే?" అంది అక్క.

ఆ రోజు మూడింటికి ఒక కొత్త మనిషి వచ్చింది. యాభై దాటిన ఆడమనిషి, మగవాళ్ళ చొక్కా, చెవి వెనక పెన్సిలు. ఇళ్ళకి రంగులు వేయించే మేస్త్రీనని చెప్పింది. కోడలు ముచ్చటపడి ఈ పార్లర్ కూపను చేతిలో పెట్టిందట. వాడకపోతే అలుగుతుందని వచ్చిందట. వేళ్ళ కణుపుల్లో సున్నం, గోళ్ళ అంచుల్లో ఎప్పటెప్పటి రంగులో. పొట్టి రంగుల పలకలు ముందు పరిస్తే ఆవిడ ఒక్కోటీ వెలుతురుకి పట్టి చూసింది. ఇది ఎండకి వెలిసే ఎరుపు, ఇది రెండు పూతలకి గానీ కప్పని పసుపు అని పక్కన పెట్టేస్తుంటే పొట్టికి నవ్వాగలేదు. ఆఖరికి ఇటుక రంగు ఎంచుకుంది.

అక్క నేర్పినట్టే మొదలుపెట్టింది పొట్టి. ముందు గోళ్ళు అరగదీసి, గుండ్రం చేసి, తర్వాత నూనె. అక్క మొదటిరోజున తన చేత్తో ఇచ్చిన సీసా అది. ముందు నూనె పట్టించి చేతులు బాగా మర్దన చెయ్యి, చేతులు మెత్తబడితే మనిషీ మెత్తబడుతుంది, అప్పుడు గుడ్డతో తుడిచేసి రంగు వెయ్యి అని పార్లర్లో చేరకముందు మూడు వారాలు ఇంట్లో కూర్చోబెట్టి మరీ చెప్పింది. పొట్టికి వేళ్ళల్లో బలముంది, ఆ బలం ఎక్కడ ఆపాలో కూడా తెలుసు. బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా రుద్దుతుంటే మేస్త్రమ్మ తల వాలిపోయి చిన్నగా గురక పెట్టింది. లేచాక సిగ్గుపడి, ముప్పై ఏళ్ళుగా ఈ చేతులతో గోడలని రుద్దడమే గానీ ఈ చేతులని రుద్దినవాళ్ళు లేరంది.

వెళ్ళేటప్పుడు గోళ్ళని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "అంచు బాగా కట్టావు" అంది. ఆ పార్లర్లో కస్టమర్ నోటి నుంచి పొట్టికి అందిన మొదటి మెచ్చుకోలు అదే.

మంగళ, బుధవారాల్లో సాయంత్రం ఇంటికెళ్ళి అమ్మ చేతుల మీద సాధన చేసింది. ల్యాంపు లేదు కాబట్టి మామూలు రంగుతోనే గీతలు. మొదట్లో అక్క నేర్పే రోజుల్లో తన ల్యాంపు తెచ్చి అమ్మకి జెల్ వేయించింది. అదీ నాలుగు రోజులకే ఊడింది. అప్పుడు అందరూ అంట్లు తోమే చేతులు కదా అనుకున్నారు. అమ్మ కూడా తప్పు తనదే అన్నట్టు వారం రోజులు రబ్బరు తొడుగులేసుకుని అంట్లు తోమింది. ఇప్పుడు పొట్టి మాట్లాడకుండా గీతలు గీస్తుంటే, అక్క ఉందిగా, అది చూసుకుంటుంది, ఎందుకంత దిగులు అంది అమ్మ.

బుధవారం పార్లర్‌కి ఊడిన రంగుతో ఇంకొకామె వచ్చింది, బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మ. ఆవిడ పిల్లలతో మాట్లాడినట్టే నిలబెట్టి పది నిమిషాలు మందలించింది. పొట్టి మధ్యలో అడ్డం రాలేదు. ఈ వారంలో ఆ ఒక్కటీ నేర్చుకుంది: రంగు ఊడిన గోళ్ళతో వచ్చినవాళ్ళని ముందు మాట్లాడనివ్వాలి, తర్వాత చెయ్యి చూడాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి. ఎప్పుడు లేచింది, అంచు నుంచా మొదలు నుంచా అని అడిగి చిన్న పుస్తకంలో రాసుకుంది. మళ్ళీ చేస్తానని చెప్పబోతుండగా అక్క వచ్చి టీచరమ్మని తన టేబుల్‌కి తీసుకుపోయింది. పొట్టిని తువ్వాళ్ళకి పంపింది.

గురువారం మధ్యాహ్నం అక్క భోజనానికి వెళ్ళిన వేళకి మేస్త్రమ్మ వచ్చింది. పొట్టి చూపు ముందు ఆవిడ గోళ్ళ మీదకే పోయింది. ఆవిడ మాత్రం కోపంగా లేదు. తీరిగ్గా కూర్చుని, చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పింది. అందులో నాలుగు గోళ్ళ రంగు, ఎక్కడా విరగకుండా, నాలుగు ఇటుకరంగు చిప్పల్లా ఉంది.

పొట్టి క్షమించమనబోతే చెయ్యెత్తి ఆపింది. "అది తర్వాత. ముందు దీన్ని తిరగేసి చూడు. ఏం కనపడుతోంది?"

పొట్టి ఒక చిప్పని వేలి కొసమీద పెట్టుకుని చూసింది. "ఏమీ లేదండి. నున్నగా ఉంది."

"అదీ సంగతి. రంగు చెడ్డదైతే పొడిపొడిగా రాలుతుంది. గోడలో తడి ఉంటే పొక్కులొస్తాయి. ఇలా వెనకాల ఏమీ అంటకుండా పలకలా ఊడిందంటే కింద జిడ్డుందని. వంటిల్లు కడక్కుండా రంగేస్తే అచ్చం ఇలాగే చేతికొస్తుంది." ఆవిడ తన గోళ్ళకేసి చూసుకుంది. "మొన్న నూనెతో రుద్దావు. హాయిగా ఉంది, కాదనను. కానీ అది రంగుకి ముందు ఎందుకమ్మా?"

పొట్టి అలాగే చెయ్యాలని చెప్పబోయింది. గుడ్డతో తుడుస్తాను కదా అని మాత్రం గొణిగింది. పొడిగుడ్డతో తుడిస్తే జిడ్డు పోతుందా అని ఆవిడ ఎదురడగలేదు. శనివారం వస్తాను, ఈలోపు తేల్చుకో అని పొట్లం అక్కడే వదిలి లేచింది.

ఆవిడ వెళ్ళగానే పొట్టి తన ఎడమచెయ్యి ముందు పెట్టుకుంది. చిటికెనవేలికీ ఉంగరపువేలికీ నూనె రుద్ది, పొడిగుడ్డతో తుడిచి రంగేసింది. మిగతా మూడు వేళ్ళకి నూనె తగలనివ్వకుండా, స్పిరిటుతో కడిగి, ఆరాక వేసింది. అదే సీసా, అదే ల్యాంపు, అదే చెయ్యి. సాయంత్రం ఇంటికెళ్ళి, అమ్మ వద్దంటున్నా వినకుండా ఇంటెడు అంట్లూ తోమింది. శుక్రవారం పొద్దున్న లేచి చిటికెనవేలి రంగుని బొటనవేలితో నెట్టింది. చిప్పలా ఊడొచ్చింది. ఉంగరపువేలిది అంచు లేచింది. మిగతా మూడూ గోరు విరగాలే గానీ ఊడేలా లేవు.

అప్పటికీ అక్క మీద ఒక్క మాట అనుకోలేదు. అక్కకీ తెలియదేమో, అక్కకి ఎవరో తప్పు నేర్పి ఉంటారు అనుకుంది. అక్క రంగు మాత్రం మూడు వారాలు నిలుస్తుంది కదా అన్నది బస్సెక్కాక తట్టింది. తట్టాక ఆ ఆలోచన మరి దిగలేదు. పక్క సీట్లో అక్క ఏదో చెబుతూనే ఉంది. పొట్టి ఊ కొట్టింది గానీ ఒక్క ముక్క వినలేదు.

ఆ రోజు అక్క మొదటి కస్టమర్ రాకముందే పొట్టి నీళ్ళు కాచి, తువ్వాళ్ళు పిండి, దొంతరగా తెచ్చి అక్క టేబుల్ పక్కన పెట్టేసింది. అక్క కస్టమర్‌ని కూర్చోబెట్టి, అలవాటుగా "తువ్వా..." అని, దొంతర చూసి ఆగిపోయింది. పొట్టి గోడ అద్దం తుడుస్తూ నిలబడింది. అద్దంలో అక్క చేతులు కనపడుతున్నాయి.

అక్క గోటి మొదట్లో చర్మాన్ని చిన్న పనిముట్టుతో వెనక్కి నెట్టింది. గోటికి అంటుకున్న సన్నటి పొరని గీకేసింది. నున్నదనం పోయేదాకా గోళ్ళు అరగదీసే ఫైలుతో లాలనగా రుద్దింది. తర్వాత సొరుగు తీసి, పేరు చీటీ లేని చిన్న సీసా తీసి, గుడ్డముక్క తడిపి ఒక్కో గోరూ రెండేసి సార్లు తుడిచింది. ఆ సీసా పొట్టి ఎన్నడూ చూడలేదు. స్పిరిటు వాసన అద్దం దాకా వచ్చింది. ఆ తర్వాతే మొదటి పూత. నూనె సీసా మూలన ఉండిపోయింది. ఆఖరి పూత ఆరి, ల్యాంపు ఆరిపోయి, ఇంక రంగుకి ఏమీ కాదన్నాక, అప్పుడు తీసింది నూనె. నవ్వుతూ, మాట్లాడుతూ, పొట్టికి నేర్పిన పద్ధతిలోనే, మణికట్టు దాకా మర్దన చేసింది.

పొట్టి అద్దం తుడుస్తూనే ఉంది. తుడిచిన చోటే తుడుస్తోంది. ఈ మూడు వారాల్లో అక్క పని మొదలుపెట్టిన ప్రతిసారీ తాను ఎక్కడున్నదీ ఒక్కొక్కటిగా గుర్తొస్తోంది. వేడినీళ్ళ దగ్గర. తువ్వాళ్ళ దగ్గర. ఒకసారి కింద షాపులో దూది కొనడానికి. ఒకసారి అసలు కరెంటు మీటరు చూసి రమ్మని పంపింది. మీటరు చూసొచ్చి అంకె చెబితే అక్క దాన్ని విననైనా లేదు. ఆ రోజు తాను నవ్వుకుంది కూడా, అక్కకి మతిమరుపని.

మధ్యాహ్నం వెనక గదిలో అక్క తువ్వాళ్ళు ఉతుకుతుంటే పొట్టి వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. ఏదేదో అడగాలని పొద్దుటి నుంచీ కూడగట్టుకుంది. తీరా నోరు తెరిస్తే ఒకటే వచ్చింది.

"అక్కా, నూనె ముందా, చివరా?"

అక్క చేతులు నీళ్ళలోనే ఆగాయి. అదేం ప్రశ్నే అనలేదు. ముందే కదా అనలేదు.

"నీకెవరు చెప్పారు?" అంది.

అక్క కాదంటుందని, తిడుతుందని, కనీసం అబద్ధమైనా ఆడుతుందని పొట్టికి ఎక్కడో ఒక మూల ఆశ ఉన్నట్టుంది. అది అప్పుడు తెలిసింది, పోయాక.

అక్క తువ్వాలు పిండి తీగ మీద వేసింది. ఇంకోటి వేసింది. వేస్తూనే, పొట్టి వైపు చూడకుండా చెప్పింది. "ఫైలు పట్టుకోవడం నీకు మూడు రోజుల్లో వచ్చేసింది. నాకు రెండేళ్ళు పట్టింది. రెండేళ్ళు నేల తుడిచి నేర్చుకున్నా. నీకు నేర్పకముందు, నిన్ను చూపించడానికి తెచ్చిన రోజే మేడమ్ ఏమందో తెలుసా? కిటికీ టేబుల్ చిన్నపిల్లకిస్తే వచ్చేవాళ్ళ కళ్ళకి బాగుంటుందంది. నవ్వుతూనే అందిలే. నాకు నవ్వు రాలేదు."

"మరి నన్నెందుకు తెచ్చావు?"

"పిన్ని అడిగింది. ఎలా కాదనను?" అక్క ముక్కు ఎగబీల్చింది. "ఒక నెల పోనిచ్చి నేనే చెబుదామనుకున్నా. ఒట్టు."

"నెల ఎక్కడిది? రేపు శనివారం."

బక్కెట్లో ఇంకా రెండు తువ్వాళ్ళున్నాయి. అక్క అవి పిండింది. పొట్టి పక్కకి తప్పుకుంటే గానీ బయటికి దారి లేదు. పొట్టి తప్పుకుంది. సాయంత్రం అక్కకోసం ఆగకుండా ముందు బస్సెక్కి వెళ్ళిపోయింది. అక్క రాలేదేమని అమ్మ అడిగితే, పనుందట అంది. అమ్మకి ఎంత చెప్పాలో, ఎక్కడినుంచి చెప్పాలో తెలియలేదు. పెద్దమ్మా అమ్మా రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు.

శనివారం మేడమ్ ఇద్దర్నీ తన కుర్చీ దగ్గరికి పిలిచింది. అక్క ముందే మొదలుపెట్టింది. పొట్టిని పంపెయ్యొద్దని, తన పక్కనే ఉంచుకుంటానని, పాత రంగు తీసే పనీ తువ్వాళ్ళ పనీ చూసుకుంటుందని చెప్పుకొచ్చింది. గొంతులో సోమవారం నాటి తీపే ఉంది. సోమవారం తాను ఆ గొంతుకే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పొట్టి ఆమె ముఖంలోకి చూసింది. అక్క చూపు తిప్పుకుంది.

"మేడమ్, నా తప్పేంటో తెలిసింది" అంది పొట్టి. "రంగు వెయ్యకముందు నూనె రాస్తున్నాను. నూనె మీద జెల్ నిలవదు. గోరు సరిగ్గా గీకడం లేదు, స్పిరిటుతో తుడవడం లేదు. నా దగ్గర ఊడినవాళ్ళందరి ఫోన్ నంబర్లూ రాసుకున్నాను. పిలిచి, తప్పు చెప్పి, అందరికీ మళ్ళీ వేస్తాను. అప్పుడూ నిలవకపోతే నేనే వెళ్ళిపోతాను."

మేడమ్ కళ్ళజోడు తీసింది. ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్న మనిషి. పొట్టిని చూసింది, అక్కని చూసింది, మళ్ళీ పొట్టిని చూసింది.

"నూనె ముందు రాయమని ఎవరు చెప్పారు?"

అక్క చున్నీ కొసని వేలికి చుట్టుకుంటోంది. వేలి కొస తెల్లబడేదాకా చుట్టింది.

"ఎవరూ చెప్పలేదు మేడమ్."

"మూడు వారాలు ఇంట్లో కూర్చోబెట్టి నేర్పానంది మీ అక్క."

"లేదండి" అంది పొట్టి. "నాకెవరూ నేర్పలేదు."

మేడమ్‌కి ఎంత అర్థమైందో ఎవరికీ తెలియలేదు, తర్వాత కూడా తెలియలేదు. కళ్ళజోడు పెట్టుకుని, "సరే, ఫోన్లు చెయ్యి" అంది.

పొట్టి ఫోన్లు చేసింది. టీచరమ్మ ఫోన్లోనే ఇంకో పది నిమిషాలు మందలించి, అక్క రంగు వేసేసినా సోమవారం ఒకసారి వస్తానంది. ఇద్దరు అక్కర్లేదన్నారు. ఒకామె ఎత్తలేదు. పదకొండింటికి మేస్త్రమ్మ వచ్చి కూర్చుని చేతులు చాపింది. పొట్టి గీకింది, రుద్దింది, స్పిరిటు గుడ్డతో రెండేసిసార్లు తుడిచింది, అప్పుడు రంగేసింది. మేస్త్రమ్మ ప్రతిదీ మెడ చాపి చూసి, తలూపింది. ఆఖరున నూనె తీస్తే, ఇప్పుడు నిద్రపోవచ్చా అనడిగి కళ్ళు మూసుకుంది.

ఆవిడ ఉండగానే బ్యాంకావిడ వచ్చింది. అక్క వేసిన రంగు ఆవిడ వేళ్ళకి భేషుగ్గా ఉంది. మళ్ళీ వేయించుకోవాల్సిన పని లేదు. అయినా ఫోనొస్తే వచ్చింది. అక్క కిటికీ దగ్గర కుర్చీ జరిపి పెట్టింది. బ్యాంకావిడ ఆ కుర్చీ దాటి వచ్చి పొట్టి టేబుల్ పక్కన బల్ల మీద కూర్చుంది. తప్పు నాదని ఫోన్ చేసి చెప్పినవాళ్ళని ఇంతవరకూ చూడలేదు, ఈ రంగు పాతబడ్డాక నీ దగ్గరే వేయించుకుంటా అంది. ఆ మాట కిటికీ దాకా వినపడింది.

మేస్త్రమ్మ వెళ్ళాక పొట్టి గిన్నెలు కడగడానికి వెనక గదిలోకి వెళ్తే, అక్క వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొట్టి మోచెయ్యి పట్టుకుంది, కస్టమర్లని పట్టుకున్నట్టే, మెత్తగా.

"మేడమ్ ముందు నా పేరు చెప్పలేదు నువ్వు. నన్ను బతికించావే. ఈ మేలు మర్చిపోను."

పొట్టి గిన్నె కింద పెట్టి, చెయ్యి విడిపించుకుంది. గట్టిగా కాదు.

"మీ కోసం చెప్పలేదండి. ఉన్నమాటే చెప్పాను. మీరు నాకేం నేర్పలేదు."

అక్కకి మొదట ఆ మాటల అర్థం ఎక్కలేదు. ఎక్కింది వేరొకటి.

"మీరేంటే? నన్ను మీరంటున్నావా?"

"ఇక్కడ మేడమ్ దగ్గర్నుంచీ పెద్దవాళ్ళందర్నీ అలాగే అంటాం కదండీ."

"నేను నీ అక్కనే."

పొట్టి చిన్నప్పుడు ఈ మనిషి చంకలో కూర్చుని తిరిగింది. జడలు వేయించుకుంది. బడిలో ఎవరైనా పొడుగని ఏడిపిస్తే ఈవిడ దగ్గరికే పరిగెత్తింది. గిన్నె మళ్ళీ తీసుకుని, కడిగి, బోర్లించింది. చేతులు తువ్వాలుకి రెండుసార్లు తుడుచుకుంది.

"పక్కకి జరుగుతారా? బయట ఎవరో వచ్చారు" అంది.

అక్క జరిగింది.

బయట కొత్తమ్మాయి ఒకతె తన టేబుల్ దగ్గర నిలబడి రంగుల పలకలు తిరగేస్తోంది. పొట్టి కుర్చీ చూపించి, ఎదురుగా కూర్చుని, ఆ అమ్మాయి చెయ్యి తన అరచేతిలోకి తీసుకుంది. ఇదివరకు జెల్ వేయించుకున్నారా, గోళ్ళు త్వరగా విరుగుతాయా అని అడుగుతూ, తన చెయ్యి కుదురుకునేదాకా ఫైలు ముట్టుకోకుండా ఆగింది.